ద్వారం వద్ద వెలసిన పునీతుడు

మేడ్చల్, శామీర్‌పేట రహదారుల వెంట ప్రయాణించే మీకు దారి పొడవునా పాఠశాలలు, కళాశాలలు కనిపిస్తాయి. వాటి ఘనతను భవనాలను బట్టి, బోధించే పండితులను బట్టి అంచనా వేస్తాం. ద్వారం వద్ద నిలిచి తలుపు తీసే మనిషిని మాత్రం గమనించం. అటువంటి ఒక ద్వారపాలకుణ్ని కతోలిక శ్రీసభ 2010లో పునీతుడిగా ప్రకటించింది. ఆయనే కెనడాకు చెందిన బ్రదర్ ఆంద్రే.

1845 ఆగస్టు 9న క్యుబెక్ ప్రాంతంలోని ఒక గ్రామంలో ఆయన జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు అల్‌ఫ్రెడ్ బెస్సెట్. బిడ్డ బతకడన్న భయంతో పుట్టగానే జ్ఞానస్నానమిచ్చారు. 1855లో చెట్టు కూలి మీద పడటంతో తండ్రి మరణించాడు. రెండేళ్లకు క్షయవ్యాధి తల్లిని బలిగొన్నది. పన్నెండేళ్లకే అనాథ అయిన ఆ బాలుడికి చదువు అబ్బలేదు. చెప్పులు కుట్టే పని, రొట్టెలు కాల్చే పని, కమ్మరం, అమెరికా నూలు మిల్లులలో కూలి... దేనికీ ఆ బలహీన దేహం తట్టుకోలేదు. తరగనిది ప్రార్థన ఒక్కటే.

ఆ భక్తిని గుర్తించిన విచారణ గురువు 1870లో ఆయనను మాంట్రియల్‌లోని హోలీక్రాస్ సభకు పంపారు. అనారోగ్యం కారణంగా సభ పెద్దలు మొదట నిరాకరించారు. మాంట్రియల్ బిషప్ బూర్జే చొరవతో చివరకు అనుమతి లభించింది. 1874లో ఆయన నిత్య వ్రతాలు స్వీకరించారు.

సభ ఆయనకు అప్పగించిన స్థానం నోత్ర్ దామ్ కళాశాల ద్వారం. సుమారు నలభై ఏళ్లు అదే ఆయన ఆశ్రమం. వచ్చినవారికి తలుపు తీయడం, నేల కడగడం, దీపాలు వెలిగించడం, విద్యార్థులకు క్షౌరం చేయడం ఆయన దినచర్య. రాత్రి వేళ మోకాళ్లూని దీర్ఘంగా ప్రార్థించేవారు.

క్రమంగా రోగులు, దుఃఖితులు ఆ ద్వారాన్ని వెతుక్కుంటూ రాసాగారు. పునీత జోజప్పగారి స్వరూపం ముందు వెలిగే దీపంలోని నూనెను వారికి రాసి, ఆ పునీతుణ్ని ప్రార్థించమని చెప్పేవారు. స్వస్థత పొందామని ఎందరో సాక్ష్యమిచ్చారు. వచ్చిన వారందరి వ్యాధులూ నయమయ్యాయని కాదు. అయినా తన గోడు వినేవాడు దొరికాడన్న ఊరట ప్రతి ఒక్కరికీ దక్కేది. ఆ మహిమను ఎవరైనా తనకు ఆపాదిస్తే ఆయన కోపగించుకునేవారు.

నిందలూ తప్పలేదు. రోగుల రాకతో అంటువ్యాధులు సోకుతాయని విద్యార్థుల తల్లిదండ్రులు ఆందోళన చెందారు. కళాశాల వైద్యుడు ఆయనను వంచకుడన్నాడు. పెద్దలు రోగులను ఎదురుగా ఉన్న ట్రామ్ స్టేషన్‌లో కలుసుకోమన్నారు. ఆయన మారుమాటాడక అక్కడికే వెళ్లారు. గమనించండి, ఈ విధేయతే ఆయన అసలు అద్భుతం.

కళాశాలకు ఎదుటనున్న మౌంట్ రాయల్ కొండపై జోజప్పగారికి గుడి కట్టాలన్నది ఆయన కోరిక. క్షౌరానికి ఒక్కొక్కరు ఇచ్చిన అయిదు సెంట్లను కూడబెట్టగా సమకూరిన 200 డాలర్లతో 1904లో చిన్న ప్రార్థనాలయం వెలిసింది. 1924లో పెద్ద దేవాలయానికి పని ఆరంభమైంది. ఆర్థిక మాంద్యం వల్ల 1931లో అది నిలిచిపోయింది. 1936లో పైకప్పులేని ఆ గోడల నడుమ జోజప్పగారి స్వరూపాన్ని నిలపమని ఆయన సూచించారు. ఆశ్రయం కావాలనుకుంటే ఆ పునీతుడే చూసుకుంటాడన్నది ఆయన విశ్వాసం. నిర్మాణం 1967లో పూర్తయింది.

దానిని కళ్లారా చూడకుండానే 1937 జనవరి 6న, తొంభై ఒకటవ ఏట ఆయన ప్రభువులో నిద్రించారు. గడ్డకట్టే చలిలో దాదాపు పది లక్షల మంది ఆయనకు కడసారి నివాళులర్పించారు. 1982లో రెండవ జాన్‌పాల్ పోపు ధన్యుడిగా, 2010 అక్టోబరు 17న పదహారవ బెనెడిక్ట్ పోపు పునీతుడిగా ప్రకటించారు.

తట్టువారికి తీయబడుతుందన్న ప్రభువు మాటను మనం ప్రార్థనలో తలచుకుంటాం. ఆ మాట నెరవేరాలంటే తలుపు తీసే మనిషి కావాలి. పాండిత్యం, ఆరోగ్యం, హోదా ఏవీ లేకున్నా ఆ పనికి సరిపోవచ్చునని బ్రదర్ ఆంద్రే నిరూపించారు. నేడు మీ గడప తొక్కే వ్యక్తిని విసుగు లేకుండా పలకరించండి. పునీతత్వానికి అదే తొలి మెట్టు.