మైబ్రిడ్జి దొర చరిత్రము

గుఱ్ఱము పరుగెత్తునపుడు దాని నాలుగు కాళ్లును ఒక్కమాఱు నేలను విడుచునా? వేలయేండ్లుగా గుఱ్ఱముల నెక్కిన మానవుడు దీనికి నిశ్చయముగా బదులు చెప్పజాలకుండెను. కంటికందని యా క్షణమును పట్టి చూపిన మైబ్రిడ్జి దొర చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

ఈయన 1830 వ సంవత్సరము ఏప్రిలు 9 వ తేదీని ఇంగ్లండులో థేమ్సు నదీతీరమునందలి కింగ్‌స్టన్ పట్టణమున జన్మించెను. ఇంటిపేరు మగ్గరిడ్జి, దానిని తానే పలుమార్లు మార్చుకొని తుదకు మైబ్రిడ్జి యయ్యెను. యౌవనమున అమెరికాకేగి, పుస్తకవ్యాపారము చేసి, పిదప ఛాయాచిత్రకారుడై కాలిఫోర్నియాలో పేరుగాంచెను. 1874 లో తన భార్యతో స్నేహము చేసిన యొకనిని కాల్చి చంపెను. మరుసటి యేట జూరీవారు నిర్దోషియని విడిచిరి. ఈ సంగతిని దాచుట మాకిష్టము లేదు. ఆ తీర్పు మాకు సమ్మతమును గాదు.

రైలుమార్గముల యధిపతియు మాజీ గవర్నరునగు స్టాన్‌ఫర్డు దొరకు గుఱ్ఱములనిన మిక్కిలి ప్రీతి. ఆయన ధనసహాయముతో 1878 జూను నెలలో పాలో ఆల్టోయందు మైబ్రిడ్జి 12 కెమెరాలను 27 అంగుళముల యెడముతో వరుసగా నిలిపి, దారికడ్డముగా దారములు కట్టించెను. గుఱ్ఱము తగిలి దారము తెగిన తోడనే ఆ కెమెరా సెకనులో వేయవవంతుకంటెను తక్కువ కాలము తెఱచి మూసికొనెను. పటములలో నాలుగు కాళ్లును నేలను విడిచియే యున్నవి. అయితే చిత్రకారులు వ్రాయుచుండినట్లు ముందువెనుకలకు చాచికొని కాదు, పొట్టక్రింద ముడుచుకొని! పెక్కుమంది చిత్రకారులకిది రుచింపలేదు.

విడదీసిన కాలమును మరల కూర్చుటకై 1879 లో ఆయన జూప్రాక్సిస్కోపను యంత్రమును నిర్మించెను. గుండ్రని గాజుపలక యంచున ఆ పటములను వరుసగా చిత్రింపించి, దీపకాంతి యెదుట త్రిప్పగా తెరపై గుఱ్ఱము పరుగెత్తెను. పలకకు ఎదురుదిక్కుగా చీలికలుగల రేకుచక్రము తిరుగుటచే బొమ్మలు కుఱుచగా కనబడును. కావున వానిని పొడవుగా సాగదీసి చిత్రింపవలసి వచ్చెను. గాజుపైనున్నవి కదలని బొమ్మలే. వానిని ఒక్క పరుగుగా కలుపునది చూచువారి మనస్సు. ఈ యంత్రమందు మాకు మిగుల వింతయైనది ఇదియే.

1882 లో లండనునందు రాయల్ ఇన్‌స్టిట్యూషనులో యువరాజు సమక్షమున ఈ వింతను ప్రదర్శించి మన్నన పొందెను. ఆ యేడే స్టాన్‌ఫర్డు వేఱొకరిచే వ్రాయించి ప్రకటించిన గ్రంథమున మైబ్రిడ్జికి తగిన స్థానము లేకపోయెను. రాయల్ సొసైటీవారు ఆయన శ్రమను శంకించి వ్యాసప్రకటనము మానుకొనిరి. దావా తెచ్చియు ఆయన ఓడిపోయెను. సహాయము చేసినవాడే యిట్లు చేయుట తగదని మా యభిప్రాయము. అయినను ఆయన కెమెరాను వదలక, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారి యాదరమున మనుష్యుల, జంతువుల, పక్షుల చలనములను పటములు తీసి, 1887 లో 781 ఫలకములుగా ప్రకటించెను.

తుదకు కింగ్‌స్టనునకు మరలివచ్చి 1904 మే 8 న మృతినొందెను. యంత్రమును గాజుపలకలను ఆ యూరి మ్యూజియమునకే వ్రాసియిచ్చెను. అంతగా దిద్దుకొన్న ఆ పేరును వోకింగునందలి సమాధిఫలకముపై తప్పుగా, మేబ్రిడ్జి యని చెక్కిరి.