పట్టికలో చేరని గంటలు

చెరకుతోటల నడుమనున్న చోడవరం పేరు చెప్పగానే యాత్రికులకు అక్కడి స్వయంభూ విఘ్నేశ్వరాలయం జ్ఞప్తికి వస్తుంది. చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన ఆ ఊరు తెలుగు చదువుకున్న వారికి మరొక సంగతినికూడా జ్ఞప్తికి తేవాలి. రెవెన్యూశాఖలో ఉద్యోగిగా అక్కడికి బదిలీ అయి వచ్చిన గిడుగు వీర్రాజుగారు 1875లో విషజ్వరంవలన అక్కడనే కన్నుమూశారు. అప్పటికి ఆయన కుమారుడు రామమూర్తికి పన్నెండేండ్ల ప్రాయం.

వ్యావహారిక భాషోద్యమానికి నాయకుడై తరువాత తెలుగుదేశమంతా ఎరిగిన రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి ఉత్తరాన ఉన్న పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి పోయిన పిమ్మట విశాఖపట్నంలో మేనమామగారింట ఉండి చదువుకొని, 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. కళాశాలలో చేరి పైచదువు చదివే యోగం వారికి లేకపోయింది. మరుసటి సంవత్సరమే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతంమీద ఉపాధ్యాయులయ్యారు. పగలు పిల్లలకు పాఠాలు చెబుతూ, మిగిలిన వేళ తాము విద్యార్థులై ప్రైవేటుగా చదివి, 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలు నెగ్గారు. అంటే ఉద్యోగంలో చేరిన మొదటి పదహారు సంవత్సరాలు వారు ఇటు ఉపాధ్యాయులు, అటు విద్యార్థులు కూడాను. ఇటువంటి జీవితంలో తీరిక ఎక్కడిదని చదువరులు అడుగవచ్చును.

తీరిక లేదు; దానిని వారు మిగుల్చుకొన్నారు. పర్లాకిమిడికి చేరువలోనే శ్రీముఖలింగ క్షేత్రం ఉన్నది. ఆ గుడి రాళ్లమీది అక్షరాలు చదవాలని పంతులుగారికి కోరిక కలిగింది. పాఠశాలలో ఆ పని ఎవరూ అప్పగించలేదు. పరీక్షలకు అది పాఠ్యాంశమూ కాదు. వారు ప్రాచీన లిపులను గురువు లేకుండానే అభ్యసించారు. శాసనాలను పరిశోధించి, పూర్వం గాంగరాజులు ఏలిన కళింగనగరం ఈ ముఖలింగమేనన్న అభిప్రాయాన్ని ఆధారాలతో నిలబెట్టారు.

ఇంతకంటె గొప్పది సవరల కథ. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో నివసించే సవరలకు తమ భాషలో ఒక పుస్తకంగాని, బడిగాని లేదు. వారి భాష నేర్చి, ఆ భాషలోనే వారికి చదువు చెప్పాలని పంతులుగారు సంకల్పించారు. తెలుగు ద్రావిడ భాష. సవర ముండా భాషా కుటుంబానికి చెందినది. గొంతులో ఊపిరిని క్షణకాలం బిగబట్టి విడిచే ధ్వని ఒకటి అందులో ఉన్నది. దానికి మన వర్ణమాలలో అక్షరం లేదు. అటువంటి భాషను పుస్తకం చూచి నేర్వడం అసాధ్యం. మాట్లాడేవారి సరసన కూర్చుండి వినవలసినదే. అందుకని తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని పంతులుగారు తమ ఇంటనే పెట్టుకొన్నారు. బడిలో గంట కొట్టగానే పాఠం ఆగిపోతుంది. ఇంటి అరుగుమీది మాటలకు గంట ఎవరు కొడతారు? ఏ నాటికి ఎన్ని మాటలు రావాలో ముందుగా వ్రాసుకొన్న పట్టికతో జరిగే పని కాదది. ఏండ్లతరబడి అలా విని, సవరభాషలో వాచకాలు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, వాటి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. 1913లో ప్రభుత్వం వారికి రావుబహద్దూరు బిరుదు నిచ్చింది.

ఈ కృషికి మూల్యం కూడా చెల్లింది. మన్యంలో తిరుగగా మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైను వలన వినికిడి దెబ్బతిన్నది. ఒక జాతి పలుకును చెవితో పట్టి నేర్చిన మనిషికి చెవులే కరవయ్యాయి. అయినను పని మానలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి.

1911లో ఉద్యోగం విరమించిన పిమ్మట పంతులుగారు తమ శక్తినంతా వ్యావహారిక భాషావాదానికి వినియోగించారు. పిల్లల చదువులో జీవద్భాషకు స్థానం ఉండాలని పండితులతో వాదించారు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. ఆ వాదానికి బలం ఎక్కడ నుండి వచ్చింది? శాసనాలు చదివిన వానికి భాష శతాబ్దాల పొడుగునా మారుతూనే వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు. లిపిలేని సవరభాష నేర్చిన వానికి భాషకు పుట్టినిల్లు మనుష్యుల నోరేనని స్వానుభవంవల్ల తెలుస్తుంది. జీతం లేని ఆ రెండు వ్యాసంగాలే తరువాతి మహాకార్యానికి రెండు చేతులైనవి. మొదట శాసనం ముందు నిలిచిన నాడుగాని, మొదటి సవరమాట విన్న నాడుగాని, అది ఎక్కడికి దారితీస్తుందో ఆయనకు తెలిసి ఉండదు. తెలియని దానికొరకు వేళ విడిచి పెట్టడమే ఇందులోని కష్టం. మిగిలిన ఆ కొద్ది గంటలనుకూడా ముందుగానే ఏదో ఒక పనికి తాకట్టు పెట్టి ఉంటే, పర్లాకిమిడిలో మంచి చరిత్రోపాధ్యాయుడు ఒకడు ఉండెనని మాత్రమే మనం చెప్పుకొందుము, అదికూడా కొద్దికాలమే.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా పంతులుగారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చారు. 1940 జనవరి 22న పరమపదించారు.

ఏటేటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాము. ఆ సభకు కూడా పాఠశాలలో ఒక గంట కేటాయించి, గంట కొట్టగానే తరగతులకు పోతున్నాము. ఉపాధ్యాయునికి పాఠాలు, దిద్దుబాట్లు, లెక్కలు, రికార్డులు. విద్యార్థికి బడి, ట్యూషను, పరీక్ష. వీటిలో ఏదీ మానదగినది కాదు. పంతులుగారు కూడా మానలేదు. కాని దినానికి ఒక అరగంటకు పేరు పెట్టకుండా విడిచి పెట్టవచ్చును. ఊరి గుడి గోడమీది అక్షరాలు చూడడానికో, సంతకు దిగివచ్చిన కొండమనిషి మాట వినడానికో అది చాలును. ఆనాడు చోడవరంలో తండ్రిని పోగొట్టుకొన్న బాలునికి అంతకంటె ఎక్కువ ఎవరూ ఇవ్వలేదు.