పాల్ బెర్ట్

దెగ్లూరు మైదానంలో ఎంత పరుగెత్తినా, కాసేపు కూర్చుంటే ఆయాసం తీరుతుంది. హిమాలయ శిఖరాల మీద ఊరక కూర్చున్నా ఆయాసమే. దీనికి కారణాన్ని ప్రయోగాలతో నిరూపించినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్.

ఆయన 1833లో ఓసేర్ పట్టణంలో జన్మించాడు. న్యాయశాస్త్రం చదివి, తరువాత వైద్యం వైపు మళ్లాడు. క్లాడ్ బెర్నార్డ్ ఆయన గురువు.

గాలి ఒత్తిడి తగ్గడమే కొండజబ్బుకు కారణమని ఆనాడు చాలామంది నమ్మేవారు. బెర్ట్ లోహపు గదిలో గాలిని పలచన చేయించి, 1874లో తానే అందులో కూర్చున్నాడు. ఒంట్లో నలతగా అయింది. నాడి వేగం పెరిగింది. ప్రాణవాయువు పీల్చగానే తేరుకున్నాడు. గదిలో ఒత్తిడి మాత్రం పెరగలేదు! ఎంత ఎత్తున్నా గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లే. కాని గాలి పలచన కావడంతో ఒక్కొక్క శ్వాసకు అందేది తగ్గిపోతుంది.

1875 ఏప్రిల్ 15న సివెల్, క్రోచే-స్పినెల్లి, టిసాండియే అనే ముగ్గురు 'జెనిత్' బెలూనులో పైకి వెళ్లారు. వెంట తీసుకుపోయే ప్రాణవాయువు చాలదని బెర్ట్ ఉత్తరం రాశాడు. అది సమయానికి అందలేదు. సుమారు 8,000 మీటర్ల ఎత్తున వారి చేతులు స్వాధీనం తప్పాయి. వింత ఏమంటే, బాధ తెలియనే లేదు. ప్రాణవాయువు గొట్టం పక్కనే ఉన్నా టిసాండియే దాన్ని అందుకోలేకపోయాడు. మిగిలిన ఇద్దరూ మరణించారు. అతడు బతికాడు గాని వినికిడి పోయింది.

1878లో బెర్ట్ తన పరిశోధనలను పెద్ద గ్రంథంగా ప్రకటించాడు. 1881లో విద్యామంత్రి అయ్యాడు. 1886లో హనోయి నగరంలో రక్తవిరేచనాలతో మరణించాడు.