అక్షరం నెత్తిన చిన్న అంకె: రెనె డెకార్ట్



ఘాతాంకాల పాఠం మొదలైతే పిల్లల లెక్కల నోట్‌బుక్‌లో ఎ³, ఎ⁴ లాంటివి కనిపిస్తాయి. అక్షరం పైన చిన్న అంకె వేసే ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చిన వ్యక్తి రెనె డెకార్ట్.

ఆయన 1596 మార్చి 31న ఫ్రాన్స్‌లోని లా హే అనే చిన్న ఊళ్లో పుట్టారు. రెండేళ్లు నిండకముందే తల్లి చనిపోయారు. పిల్లవాడిది బలహీనమైన ఒళ్లు. అందుకే లా ఫ్లెష్‌లోని పాఠశాలవారు ఉదయం ఆలస్యంగా లేవడానికి అతనికి అనుమతి ఇచ్చారు. పక్క మీదే తీరిగ్గా ఆలోచించడం ఆయనకు జీవితాంతం అలవాటైంది.

1616లో న్యాయశాస్త్రంలో పట్టా పొందినా ఆ వృత్తిలోకి వెళ్లలేదు. 1618లో హాలండ్ వెళ్లి సైన్యంలో చేరారు. అక్కడ బ్రెడా నగరంలో పరిచయమైన ఐజాక్ బీక్‌మన్ అనే పండితుడు ఆయన్ని మళ్లీ గణితం వైపు మళ్లించారు.

అప్పట్లో చాలామంది గణితజ్ఞులు వర్గం, ఘనం అన్న మాటలనే సమీకరణాల్లో రాసేవారు. లెక్క పెరిగేకొద్దీ చదవడం కష్టమయ్యేది. 1637లో లైడెన్‌లో అచ్చయిన తన రేఖాగణిత గ్రంథంలో డెకార్ట్ ఆ మాటలకు బదులు అంకెలు వేశారు. వర్గాన్ని మాత్రం తరచు ఎఎ అనే రాసేవారు. ఆ గ్రంథాన్ని పండితుల లాటిన్‌లో కాక ఫ్రెంచ్‌లో రాశారు.

ఆ చిన్న అంకె చెప్పేది ఒక్కటే: అక్షరాన్ని ఎన్నిసార్లు గుణించామో. ఎ³ అంటే మూడు ఎ-లు, ఎ⁴ అంటే నాలుగు. రెంటినీ గుణిస్తే మొత్తం ఏడు, కాబట్టి ఎ⁷. అదే ఎ³ను నాలుగుసార్లు గుణిస్తే మూడేసి చొప్పున పన్నెండు, కాబట్టి ఎ¹². ఎ³ + ఎ⁴ను మాత్రం ఒకే ఘాతంగా కలపలేం.

1649లో స్వీడన్ రాణి క్రిస్టినా పిలుపు మీద ఆయన స్టాక్‌హోమ్ వెళ్లారు. గడ్డకట్టే చలికాలంలో తెల్లవారుజామున 5 గంటలకే రాణికి పాఠాలు చెప్పాల్సి వచ్చింది. 1650 ఫిబ్రవరి 11న న్యుమోనియాతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు.

మీ పాప లేదా బాబు ఎ³ × ఎ⁴కు ఎ¹² అని రాస్తే సూత్రం మర్చిపోయావని కోప్పడకండి. ఎ-లన్నీ వరుసగా రాసి లెక్కపెట్టమనండి. ఏడు దగ్గర ఆగగానే తప్పు ఎక్కడుందో తామే పట్టుకుంటారు. అలా పట్టుకున్న సూత్రం పరీక్ష హాల్లో తడబడనివ్వదు.