చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టిన లెక్కల మేధావి – జార్జ్ బూల్

ఈసారి గోడపత్రికలో నేను జార్జ్ బూల్ గారి జీవితం రాస్తున్నాను. కంప్యూటరుకు ఏది నిజం, ఏది అబద్ధం అని చెప్పే లెక్క ఈయనదే.

బూల్ గారు 1815 నవంబరు 2న ఇంగ్లాండులోని లింకన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి చెప్పులు కుట్టేవారు. ఆయనకు ఆ పని కంటే దుర్భిణీలు తయారు చేయడం ఇష్టం. అందుకే దుకాణం సరిగా నడవలేదు. కానీ కొడుక్కి మొదట లెక్కలు నేర్పింది ఆయనే. లాటిన్ భాష మొదలుపెట్టించింది ఒక పుస్తకాల కొట్టాయన. గ్రీకు భాష బూల్ గారు సొంతంగా నేర్చుకున్నారు.

16 ఏళ్లప్పుడు ఇంటి బరువు ఆయన మీద పడింది. నలుగురు పిల్లల్లో ఆయనే పెద్ద. బడిలో సహాయ పంతులుగా చేరారు. 19 ఏళ్లకు సొంతంగా బడి పెట్టారు. పిల్లలకు పాఠాలు చెప్తూనే పెద్ద పెద్ద లెక్కల పుస్తకాలు చదివారు. ఏ డిగ్రీ లేదు. అయినా 1844లో రాయల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. 1849లో ఐర్లాండులోని కార్క్ కాలేజీకి మొదటి లెక్కల ప్రొఫెసరు అయ్యారు.

మనిషి ఆలోచనను కూడా లెక్కలాగా రాయొచ్చని 1847లో, 1854లో పుస్తకాలు రాశారు. అదెట్లాగో మేకల మందతో చెప్తాను. మందలోంచి నల్ల మేకల్ని ఏరండి. ఏరిన వాటిలోంచి మళ్లీ నల్లవి ఏరండి. ఏం మారింది? ఏమీ లేదు, అవే మేకలు. అంటే ఒకదాన్ని దానితోనే గుణిస్తే మళ్లీ అదే రావాలి. 2ని 2తో గుణిస్తే 4 వస్తుంది, కుదరదు. 0కి 0, 1కి 1 మాత్రమే కుదురుతాయి. అందుకే 1 నిజం, 0 అబద్ధం.

1937లో అమెరికాలో క్లాడ్ షానన్ అనే విద్యార్థి ఈ లెక్క కరెంటు స్విచ్చులకు సరిపోతుందని చూపించారు. స్విచ్చి వేసి ఉంటుంది, లేకపోతే తీసి ఉంటుంది. మూడోది లేదు. తర్వాత కంప్యూటరు భాషలు వచ్చాయి. సి భాషలో 0 అబద్ధం, మిగతా ఏ అంకైనా నిజమే. 5 నిజం, మైనస్ 1 కూడా నిజం. పైథాన్‌లో కూడా అంతే. జావా మాత్రం అంకె ఇస్తే ఒప్పుకోదు, నిజమో అబద్ధమో తేల్చి చెప్పమంటుంది. రూబీలో అయితే 0 కూడా నిజమే! బుట్టలో సున్నా పళ్లు ఉన్నాయన్నా అది ఒక లెక్కే కదా.

1864లో ఒకరోజు బూల్ గారు వానలో తడుస్తూ కాలేజీకి నడిచి వెళ్లి, తడి బట్టలతోనే పాఠం చెప్పారు. జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. డిసెంబరు 8న చనిపోయారు. అప్పటికి 49 ఏళ్లే. ఐదుగురూ ఆడపిల్లలే. భార్య మేరీ గారు వాళ్లను పెంచారు, పిల్లలకు లెక్కలు ఎలా నేర్పాలో పుస్తకాలు కూడా రాశారు. మూడో కూతురు అలీసియా కాలేజీకి పోకుండానే రేఖాగణితంలో కొత్త సంగతులు కనిపెట్టింది.

మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ బడికి పోలేదు. మనతో చదివి, పత్తి ఏరడానికి పోయి తిరిగి రాని స్నేహితురాళ్లు కూడా ఉన్నారు. బూల్ గారు పనిలో చేరారు గానీ పుస్తకం వదల్లేదు. ఎందుకంటే చేతికి పుస్తకం ఇచ్చేవాళ్లు ఆయనకు దొరికారు. ఈ సెలవుల్లో ఇంటికి పోయేటప్పుడు తలా ఒక పాత పుస్తకం తీసుకుపోయి వాళ్లకు ఇద్దాం.

– 9వ తరగతి విద్యార్థిని