డోర్నకల్ కెథడ్రల్‌ను నిర్మించిన బిషప్ అజరయ్య

డోర్నకల్ అనగానే నేడు చాలామందికి రైల్వే జంక్షన్ గుర్తుకు వస్తుంది. మహబూబాబాద్ జిల్లాలోని ఆ ఊరిలోనే, గుమ్మటాలతో, మినార్లను తలపించే శిఖరాలతో ఎపిఫనీ కెథడ్రల్ నిలిచి ఉంది. బయటి నుంచి చూసినవారు దానిని మసీదనో, పాత రాజభవనమనో పొరబడినా ఆశ్చర్యం లేదు. లోపల వరుసలు తీరిన రాతి స్తంభాలు దక్షిణాది ఆలయ మండపాన్ని స్ఫురింపజేస్తాయి. ఆ కట్టడం వెనుక ఉన్నవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి గ్రామ గురువు. యువకుడిగా వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ, భారతీయ క్రైస్తవులు తమ ధనంతో, తమ మనుషులతో సేవ సాగించాలని తలచి, 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముందు నిలిచారు. 1909లో ఆ సంస్థ సేవకుడిగా, నాడు నిజాం రాజ్యంలో మారుమూల పల్లె అయిన డోర్నకల్‌కు కుటుంబంతో తరలివచ్చారు. తెలుగు నేర్చుకుని, మాల, మాదిగ పల్లెలలో తిరిగారు.

మరుసటి ఏడాది ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన ప్రసంగం కలకలం రేపింది. విదేశీ మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, వారి నుంచి భారతీయులకు స్నేహం మాత్రం అందలేదని నిర్మొహమాటంగా చెప్పారు. పరాయి పాలనలో ఉన్న దేశం నుంచి వెళ్లిన 35 ఏళ్ల యువకుడు ఆ మాట అనడం చిన్న విషయం కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. మరణించే వరకు ఒక డయోసిస్‌ను పాలించిన ఏకైక భారతీయ బిషప్‌గానే మిగిలారు. ఇది ఆయనకు దక్కిన గౌరవమే కాదు, ఇతరులకు తెరుచుకోని తలుపు కూడా.

కెథడ్రల్ రూపకల్పనను ఈ నేపథ్యంలోనే చూడాలి. అదే నిజాం రాజ్యంలోని మెదక్‌లో 1924లో ప్రారంభమైన మహాదేవాలయం ఐరోపా గోథిక్ శైలిలో ఆకాశాన్ని అంటుతుంది. అజరయ్య ఆ దారి పట్టలేదు. ఆరాధనకు వచ్చే కూలి, రైతు తమ నేలకు పరాయివారమయ్యామని భావించరాదన్నది ఆయన పట్టుదల. హిందూ, ముస్లిం వాస్తు రీతులు కలిసిన ఆ మందిరాన్ని 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ నాడు ప్రతిష్ఠించారు.

విమర్శలు లేకపోలేదు. దళితుల సామూహిక మతాంతరీకరణపై గాంధీజీ ఆయనతో తీవ్రంగా విభేదించారు. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్న విషయంలో అజరయ్య జాతీయవాదుల పక్షానే నిలిచారు.

1919లో తరంగంబాడి సమావేశం నాటి నుంచి సంఘాల ఐక్యత కోసం శ్రమించిన ఆయన, 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన సమాధి ఆ కెథడ్రల్ ఆవరణలోనే ఉంది.