రాయల స్వప్నం – శ్రీకాకుళేశుని ఆజ్ఞ

1509లో సింహాసనమధిష్ఠించిన శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర నడుమ మన దివిసీమలోని శ్రీకాకుళానికి వచ్చి, ఏకాదశినాడు ఉపవసించారు. (ఉత్తరాంధ్రలోని ఊరని పొరబడకండి, ఇది ఘంటసాల చెంతనున్న కృష్ణాతీర క్షేత్రం.) ఆ రాత్రి నాలుగో జామున, మేఘశ్యాముడైన ఆంధ్ర మహావిష్ణువు పద్మహస్తయైన దేవేరితో స్వప్నంలో సాక్షాత్కరించారు. సంస్కృతంలో కావ్యాలు రచించిన నీవు తెలుగులో గోదాదేవి కల్యాణం రచించి తిరుమలేశునికి అంకితమీయుమని ఆజ్ఞాపించారు.

బాబిలోను రాజు నెబుకద్నెజరు కలలోని లోహవిగ్రహాన్ని, ఒకదాని వెంట ఒకటి అంతరించే సామ్రాజ్యాలుగా దానియేలు వివరించాడని బైబిలు చెబుతుంది. యుద్ధంలోనున్న రాయలు కూడా ఉదయమే పండితులను స్వప్నఫలమడిగారు. స్వామి, దేవేరి, పద్మం: అన్నిటినీ వారు ప్రభువుకు శుభసూచనలుగానే విప్పి చెప్పారు. రాయలు ఆరు ఆశ్వాసాల ఆముక్తమాల్యదను రచించి 1529లో పరమపదించారు. 1565లో ఆ విజయనగరం కొల్లబోయింది.